కొండ మీది గింజను మా చేతికివ్వండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖల మంత్రి గారికి,

విశాఖపట్నం, గోపాలపట్నం నుంచి ఒక గృహిణి నమస్కరించి రాస్తున్న లేఖ.

మిమ్మల్ని అడగబోయేది గుప్పెడు గింజలు. సింహాచలం కొండ మీదా కంబాలకొండలోనూ, పైన అనంతగిరి అడవుల్లోనూ ఉన్న పాత చెట్ల గింజలు. మారేడు, సంపెంగ, మద్ది, గంధం, ఇంకా మీ శాఖ గుర్తించగలిగినవి ఎన్నయితే అన్ని. అవి ఏ చెట్టువో, ఏ కొండవో రాసిన చీటీతో మా ఊరి జనానికి అందాలి. ఇంత చిన్న కోరికకు ఇంత పెద్ద ఉత్తరం ఎందుకో చెబుతాను, దయచేసి చివరిదాకా చదవండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీదే తీరం దాటింది. ఆ రోజు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. మర్నాడు పొద్దున తలుపు తీసి చూస్తే మా వీధి చివరి గుడిలో మారేడు చెట్టు వేళ్లతో సహా పడి ఉంది. మా అత్తగారు కాపురానికి వచ్చిన ఏడు నుంచీ ప్రతి శివరాత్రికీ ఆ చెట్టు ఆకే కోసేవారు. ఆవిడ ఆ చెట్టు దగ్గర కూర్చుని ఏడవడం నేను చూశాను. కొమ్మలకు కాయలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. ఇంటికి తెచ్చి, పగలగొట్టి, ఉన్న గింజలన్నీ కుండీల్లో వేశాను. ఒక్కటీ మొలవలేదు. మారేడు కాయ ముదరాలంటే ఎండాకాలం రావాలి, అక్టోబరులో లోపల గింజ పచ్చిదే. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. ఆ ముందు వేసవిలో రాలిన ఒక్క పండు దాచి ఉన్నా ఆ చెట్టు పిల్ల ఈరోజు మా గుడిలో ఉండేది. ఏళ్ల తరబడి ఉప్పుగాలికి తట్టుకుని నిలబడిన చెట్టు వంశం అలా ఆగిపోయింది.

గింజలు మొలిపించడం నేను మొదలుపెట్టింది ఆ బాధతోనే. మరుసటి వేసవిలో అడవివరంలో ఒక తోట యజమాని పండిన మారేడు కాయ ఒకటి ఇచ్చారు. పెంకు పగలగొట్టి, జిగురు పోయేదాకా ఇసుకతో రుద్ది కడిగి, తొలకరికి నాటాను. మూడు వారాల్లో మొలకలు లేచాయి. ఇప్పుడు మా డాబా మీద మారేడు పిల్లలు నలభై దాకా ఉన్నాయి. అడిగినవాళ్లకు అడిగినట్టు ఇస్తున్నాను, ఒక్క రూపాయి తీసుకోను.

తుపాను తర్వాత మా ఊరిని పచ్చగా చేయాలని అందరూ తాపత్రయపడ్డారు, నిజం. తొందరగా పెరుగుతుందని రోడ్ల పక్కన ఏడాకుల పాల చెట్లు వరసలు వరసలుగా వేశారు. ఇప్పుడు చలి మొదలయ్యే రోజుల్లో ఆ పూల ఘాటుకు తలుపులు వేసుకుంటున్న ఇళ్లు ఎన్నో. ఏడాకుల చెట్టు చెడ్డదని నేను అనను, అడవిలో దాని చోటు దానిది. ఒకే చెట్టును ఊరంతా నింపడమే పొరపాటు.

అంతకంటే నన్ను బాధపెట్టేది పేర్ల సంగతి. కొన్నేళ్ల కిందట ఒక మొక్కల పంపిణీలో నాకు అశోకం అని రాసి ఉన్న కవరు ఇచ్చారు. ఎంతో ఆశగా తెచ్చుకున్నాను. తీరా పెరిగాక చూస్తే అది నరమామిడి. కాంపౌండు గోడల పక్కన స్తంభాల్లా నిలువుగా పెరిగే ఆ చెట్టునే మనవాళ్లు చాలామంది అశోక చెట్టు అనుకుంటారు. లంకలో సీతమ్మ కూర్చున్న అశోకం వేరు. దానికి నారింజ, ఎరుపు కలిసిన పూలు కొమ్మలకే గుత్తులు గుత్తులుగా పూస్తాయి. బెరడు మందుల కోసం ఒలుచుకుపోతూ ఉంటే ఆ చెట్టు అడవుల్లో తరిగిపోయి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయూసీఎన్) దాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. మన నగరంలో పుట్టి పెరిగిన పిల్లల్లో ఎంతమంది నిజమైన అశోకం పువ్వు చూసి ఉంటారు?

వినాయక చవితి పత్రి కూడా అంతే. ఇరవై ఒక్క పత్రాల్లో మాచీపత్రం, వావిలి, బృహతి, విష్ణుక్రాంతం ఇప్పుడు మార్కెట్‌లో కట్టలు అమ్మేవాళ్లకే తెలియదు. ఏదో ఒక ఆకు చుట్టి ఇస్తారు, మనం మంత్రం చదివి వేస్తాం. దసరాకి జమ్మి కొమ్మ ఎక్కడి నుంచో నరికి తెచ్చి గుడి ముందు పాతి పూజ చేస్తాం. సాయంత్రానికి అది వాడిపోతుంది. పూజ పేరుతో ఏటా చెట్టు నరకడమే గాని ఒక్క జమ్మి గింజ నాటడం లేదు. జమ్మి మొలిపించడం పెద్ద కష్టమూ కాదు. ఎండిన కాయ నుంచి గింజ తీసి, వేడి నీళ్లు పోసి ఒక రాత్రి వదిలేస్తే గట్టి పెంకు మెత్తబడి లోపలికి నీరు పడుతుంది. ఒక్క జాగ్రత్త: దాని తల్లి వేరు చాలా లోతుకు పోతుంది. కవరులో ఎక్కువ కాలం ఉంచితే వేరు లోపలే చుట్టలు చుట్టుకుంటుంది. అలాంటి మొక్క నేలలో పెట్టాక పైకి బాగానే కనిపిస్తుంది, పెద్ద గాలికి నిలవదు. తుపాన్ల ఊరు మాది, అందుకే వేరు గురించి ఇంత చెబుతున్నాను.

గంధం సంగతి మరీ ముఖ్యం. మా సింహాద్రి అప్పన్న ఏడాది పొడవునా చందనంలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్క రోజే నిజరూప దర్శనం. అలాంటి ఊళ్లో గంధం చెట్టు గుర్తుపట్టగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. నేను మొదటిసారి వేసిన గంధం మొలకలు జానెడు పెరిగి, పసుపు రంగుకు తిరిగి, ఒక్కొక్కటే చచ్చిపోయాయి. నీళ్లు ఎక్కువయ్యాయేమో, ఎరువు తక్కువయ్యిందేమో అని నెలల తరబడి టెన్షన్ పడ్డాను. చివరికి ఒక పెద్దాయన అడిగారు: “పక్కన కంది వేశావా అమ్మా?” గంధం తన వేళ్లతో పక్క మొక్క వేళ్లను పట్టుకుని అక్కడి నుంచి కొంత ఆహారం తీసుకుంటుందట. ఆ తోడు లేకపోతే బతకదు. తర్వాతి ఏడు ప్రతి కుండీలో గంధం పక్కన రెండు కంది గింజలు వేశాను. అలా మిగిలినవే ఇప్పుడున్న ఆరు మొక్కలు. మొక్క చేతిలో పెట్టి పంపిస్తే ఈ మాట ఎవరు చెబుతారు? ఒక్క చిన్న తెలుగు కాగితం దానితో ఇస్తే ఎన్ని మొక్కలు బతుకుతాయో ఆలోచించండి.

ఇక సంపెంగ. సింహాచలం సంపెంగ వాసన గురించి విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు. నర్సరీల్లో అంటు సంపెంగ దొరుకుతుంది, తొందరగా పూస్తుంది. కడియం రైతుల చేతి పని అంటే నాకు ఎంతో గౌరవం. అయితే ఒకే చెట్టు నుంచి కట్టిన అంట్లన్నీ ఆ చెట్టుకు అచ్చు నకళ్లు. ఒకదాన్ని పట్టిన తెగులు అన్నింటినీ పట్టగలదు. గింజ మొక్క అలా కాదు. తల్లి పోలిక కొంత, కొత్తది కొంత, ప్రతి మొక్కా వేరు. పూతకు ఏళ్లు పట్టినా అడవిలో చెట్టు కొనసాగేది అలాగే. సంపెంగ గింజ మీద ఎర్రటి కండ ఉంటుంది, పిట్టలు దాని కోసమే వస్తాయి. ఆ కండ కడిగేసి వెంటనే నాటాలి. నెలలు దాచితే మొలవదు. కవర్లో పోసి గోదాంలో ఉంచే గింజ కాదది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ గింజలు మేమే వెళ్లి ఏరుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. ఏరుకోకూడదు. కంబాలకొండ సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏదీ తేకూడదు. ఆ నియమం ఉండి తీరాలి. అది లేకపోతే నగరం పక్కనున్న ఆ అడవి ఈపాటికి మిగిలేది కాదు. చట్టాన్ని సడలించమని నేను అడగడం లేదు. రాలిన గింజలో కొంత మీ సిబ్బందే ఏరి మాకు ఇచ్చే ఏర్పాటు చేయమంటున్నాను. గేటు తాళం మీ దగ్గరుంది కాబట్టే ఈ ఉత్తరం మీకు.

చేయడానికి కొత్త శాఖ, కొత్త భవనం ఏమీ అక్కర్లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ఊళ్లోని చెట్టూ చేమా, జీవుల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఆ రిజిస్టరులో తల్లి చెట్లకు ఒక పేజీ పెట్టించండి. ఏ చెట్టు, ఎక్కడ, కాయ ఏ నెలలో ముదురుతుంది అన్నది రాయించండి. పేరు సరిచూడడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం ఊళ్లోనే ఉంది. రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో జీవవైవిధ్య పార్కు కూడా ఉంది. గంధం చెట్ల చోటు మాత్రం బయటపెట్టకండి, మర్నాటికి రంపం వస్తుంది.

గింజ తీసేటప్పుడు ఒకే చెట్టును దులిపేయకుండా నాలుగైదు చెట్ల నుంచి కొంచెం కొంచెం తీయమనండి. పిట్టలకూ కొండకూ ఎక్కువ వాటా వదలాలి. పంచేటప్పుడు ఒక్కో ఇంటికి పది గింజలు చాలు. మొలిచినవాటిలో రెండు తాము ఉంచుకుని మిగతావి పక్కవాళ్లకు ఇవ్వాలనే మాట తీసుకోండి. కార్తీకంలో వనభోజనాలకు ముడసర్లోవ పార్కుకు ఎంతమంది వస్తారో మీకు తెలుసు. ఉసిరి చెట్టు కింద విస్తళ్లు తీసేశాక పిల్లమొక్కలు మార్చుకోవడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది? వన మహోత్సవం 1950 నుంచి జరుగుతూనే ఉంది. ఈసారి మా ఊళ్లో అందులో ఒక్క రోజు గింజలకు ఇవ్వండి.

ఇంకొక్క మాట. గంధం ఇంట్లో పెంచితే కేసు పెడతారేమో అన్న భయం మా వీధిలోనే చాలామందికి ఉంది. నా దగ్గర మొక్క తీసుకుని, ఇంటికెళ్లి ఆలోచించుకుని, మళ్లీ తెచ్చి ఇచ్చేసినవాళ్లు ఇద్దరున్నారు. ఏది పెంచుకోవచ్చో, పెంచాక ఎవరికి చెప్పాలో, కొట్టాలంటే ఎవరి అనుమతి కావాలో ఒక పేజీలో, మాకు అర్థమయ్యే తెలుగులో మీ శాఖ పేరుతో ఇప్పించండి. దాన్ని మా గుడి గోడకు నేనే అంటిస్తాను.

ఈ వానలు తగ్గేసరికి కొండ మీద సంపెంగ కాయలు పగులుతాయి. ముందే చెప్పాను, ఆ గింజ ఎక్కువ రోజులు ఆగదు. ఆలోగా మీ దగ్గర నుంచి మా డివిజన్ అటవీ అధికారికి ఒక ఉత్తర్వు వస్తే ఈ ఏడే మొదలుపెట్టవచ్చు. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి యాభై కవర్లు నింపి డాబా మీద నీడలో పెట్టాను. మా వీధిలో ఇంకో తొమ్మిది ఇళ్లవాళ్లు కూడా నింపుకున్నారు.

ఇట్లు,
మీ విధేయురాలు,
గోపాలపట్నం, విశాఖపట్నం