మన హైస్కూలు పిల్లలకు వైద్యరంగం చదువుల పరిచయం: మూడు రోజుల కార్యక్రమం జమా ఖర్చుల వివరణ

గ్రామ పెద్దలకు, దాతలకు, మన బడి పూర్వ విద్యార్థులకు నమస్కారం.

నవంబరు మూడో వారంలో మన హైస్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలు 96 మందికి వైద్యరంగంలో ఉన్న ఉద్యోగాలను, చదువులను పరిచయం చేశాం. అందుకు ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో పైసలతో సహా ఇక్కడ పెడుతున్నాం. రామాలయం అరుగు మీద ఇప్పటికే కొన్ని లెక్కలు నడుస్తున్నాయని విన్నాం కాబట్టి, కాస్త వివరంగానే రాస్తున్నాం.

ముందు జమ. నిరుటి నిల్వ 3,215 రూపాయలు. పూర్వ విద్యార్థులు 41 మంది పంపినది 38,500. ఊళ్లో రసీదుల మీద వసూలైన చందా 17,430. రసీదు పుస్తకంలో 22, 47 నంబర్లు తప్పు పడి రద్దయ్యాయి, అసలు కాగితాలు పుస్తకానికే పిన్ను కొట్టి ఉన్నాయి. సెంటరులో మందుల షాపు వారు 5,000 ఇచ్చారు. పిల్లలు సైన్స్ ఎగ్జిబిషన్ రోజున టీ, బజ్జీలు అమ్మి మిగిల్చినది 1,860. కువైట్‌లో ఇళ్లలో పనిచేస్తున్న మన ఊరి ఆడపడుచులు ముగ్గురు తలా 3,000 చొప్పున 9,000 పంపారు. అడక్కుండా వచ్చిన డబ్బు అదొక్కటే. మొత్తం జమ 75,005 రూపాయలు.

ఖర్చులో పెద్దది భోజనాలు, 21,780. రోజుకు 110 మందికి, మనిషికి 66 రూపాయల లెక్కన మూడు రోజులు. ఇందులో పొద్దున టిఫిను, మధ్యాహ్నం పప్పూ కూరా పెరుగుతో భోజనం కలిసి ఉన్నాయి. దీని మీద ఎవరికీ పేచీ లేదనుకుంటున్నాం.

పేచీ అంతా బస్సు మీద. పిల్లలకు ఆసుపత్రి చూపించడానికి అమలాపురం దాకా 14,600 ఏమిటని అడిగారు. అది ఒక్క రోజుది కాదు. పిల్లల్ని సగం సగం చేసి రెండు రోజులు తీసుకెళ్లాం. రోజుకు 7,000 అద్దె, డ్రైవరు బత్తా 300. అందర్నీ ఒకేసారి తెస్తే కుదరదని, ల్యాబులో పదిమంది కంటే ఎక్కువ నిలబడలేరని ఆసుపత్రి వాళ్లు ముందే చెప్పారు.

ఆ డబ్బు దండగ కాలేదని మా నమ్మకం. మొదటి రోజు పిల్లలకు చీటీలిచ్చి, ఆసుపత్రిలో ఎవరెవరు పనిచేస్తారో రాయమన్నాం. దాదాపు అందరూ డాక్టరు, నర్సు అని రాసి ఆపేశారు. కొందరు కాంపౌండరు అన్నారు. ఒకడు వాచ్‌మన్ అని రాశాడు, వాడిదీ తప్పు కాదు. వెళ్లొచ్చాక అదే చీటీ మళ్లీ ఇస్తే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే తీసే ఆయన, డయాలసిస్ దగ్గరుండే అక్క, ఫిజియోథెరపీ, ఫార్మసిస్టు, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్, 108లో వచ్చి దారిలో ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ అని కాగితం వెనక్కి తిప్పి మరీ రాశారు. ఊదా మూత ట్యూబు రక్తకణాల లెక్కకనీ, బూడిద రంగు మూతది షుగరు పరీక్షకనీ ఇప్పుడు మన పిల్లలు మనకే చెబుతున్నారు.

రెండు బీపీ మిషన్లు, నాలుగు స్టెతస్కోపులు, ఒక గ్లూకోమీటరు కలిపి 11,350. కాకినాడలో సర్జికల్ షాపులో కొన్నాం, బిల్లుంది. బటన్ నొక్కితే నంబరు చూపించే మిషన్లు కావాలని కొందరన్నా, చేత్తో గాలి కొట్టేవే తీసుకున్నాం. చెవితో విని పట్టుకుంటేనే పిల్లలకు పని తెలుస్తుంది. గాలి మెల్లగా వదులుతుంటే టక్ టక్ మని మొదలైన చోట పై నంబరు, చప్పుడు ఆగిపోయిన చోట కింది నంబరు. పదో తరగతి అమ్మాయి ఒకతె ఇది నేర్చుకుని, వంటకు వచ్చినామెకు పట్టి చూసి బీపీ 180, 110 అంది, అంటే చాలా ఎక్కువ. తప్పు చూశావని మేమే కసిరాం. నర్సమ్మ వచ్చి రెండుసార్లు చూసినా అంతే వచ్చింది. ఆ సాయంత్రమే ఆమెను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) పంపాం, ఇప్పుడు మాత్ర వేసుకుంటోంది.

బ్లడ్ గ్రూపు పరీక్షకు సీరం (రక్తంలో కలిపితే గ్రూపు తెలిపే మందు), స్లైడ్లు, సూదులు, దూది, గ్లవుజులు 3,140. తల్లిదండ్రులు సంతకం చేసిన పిల్లలకే చేశాం. వాడిన సూదులు ల్యాబు వాళ్లే వెనక్కి తీసుకెళ్లారు. దీని కిందే మరో 1,150 ఉంది, అది పూర్తిగా మా తప్పు. సీరం సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మేము మిగతా సామానుతో కలిపి రేకుల షెడ్డులో బీరువాలో పెట్టి ఐదు రోజులు మరిచిపోయాం. వచ్చిన టెక్నీషియన్ గారు ఆ సీసాలు చూసి, వీటితో ఎవరికీ గ్రూపు చెప్పను అన్నారు. అప్పటికప్పుడు మళ్లీ తెప్పించాం. నీలం చుక్క, పసుపు చుక్క, రంగులేని చుక్క. వాటిలో రక్తం కలిపి అటూ ఇటూ కదిపితే, పాలు విరిగినట్టు గడ్డలు కట్టిన చుక్కే గ్రూపు చెబుతుంది. నీలంలో కడితే ఎ, పసుపులో కడితే బి, మూడోదానిలో కడితే పాజిటివ్.

గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మకు అద్దె 4,500. డిపాజిట్ 5,000 తిరిగి వచ్చింది కాబట్టి లెక్కలో చూపలేదు. మైకు, కుర్చీలు 2,800. మాట్లాడటానికి వచ్చినవారి దారి ఖర్చులు 2,200.

చదువుల వివరాల చిన్న పుస్తకం 300 కాపీలకు 5,400. ఎంబీబీఎస్‌కు నీట్ రాయాలని అందరికీ తెలుసు. 180 ప్రశ్నలు, 720 మార్కులు అని టెన్షన్ పడటమూ తెలుసు. అది రాకపోతే ఏమిటన్నదే పుస్తకంలో ఎక్కువ రాశాం. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎం మూడేళ్లు, డీఫార్మసీ రెండేళ్లు, ఫార్మ్‌డీ ఆరేళ్లు. బీఫార్మసీకి ఇంటర్లో ఎంపీసీ చదివినవారూ ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా వెళ్లొచ్చన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు కొత్త. 140 కాపీలు మిగిలాయి, బడిలో అడిగి తీసుకోండి.

ఇక ఫ్లెక్సీలు, శాలువాలు, మెమెంటోలు: 6,850. దీనికి మా దగ్గర సమాధానం లేదు. బొమ్మ అద్దె కంటే ఎక్కువైంది. టెక్నీషియన్ గారు శాలువా వద్దని, ఆ డబ్బుతో గ్లవుజులు కొని ఉంచమన్నారు. అప్పటికే కొనేశాం. ఈ పద్దు కింద వచ్చే ఏడు 1,000 దాటకూడదని తీర్మానం రాసుకున్నాం.

మొత్తం ఖర్చు 73,770. నిల్వ 1,235. ఇందులో 1,100 బ్యాంకులో, 135 కోశాధికారి చేతిలో ఉన్నాయి. బీపీ మిషన్లు, స్టెతస్కోపులు సైన్సు మాస్టారి గదిలో తాళం వేసి ఉన్నాయి. బిల్లులు, రసీదు పుస్తకం ఈ నెలాఖరు దాకా పంచాయతీ ఆఫీసులో సాయంత్రం ఐదు తర్వాత ఎవరైనా చూడొచ్చు.

58వ నంబరు రసీదు మీద 500 రూపాయలున్నాయి గానీ పేరు లేదు. ఇచ్చినవారెవరో చెబితే రాసుకుంటాం.

కమిటీ తరఫున,
కార్యదర్శి