తల్లి వీపు ఎక్కడానికి నెలకు 149 రూపాయలా?

కల్యాణదుర్గం,
అనంతపురం జిల్లా.
2025 జూన్ 16

తల్లి ఎలుగుబంటిని నడిపిస్తూ దాని పిల్లల్ని సాకే ఫోన్ ఆటను తయారుచేసిన కంపెనీ ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేట్ తర్వాత, ముందే డబ్బు కట్టి కొన్న ఆటలో తల్లి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకునే వీలు తీసేసి, దానికి నెలనెలా డబ్బు వసూలు చేయడం గురించి.

నమస్కారం.

నేను 2024 డిసెంబర్ 20న మీ ఆటను 299 రూపాయలకు కొన్నాను. ఒకసారి కడితే చాలు, మళ్ళీ ఏమీ కట్టక్కర్లేదని కొనే చోట మీరే రాశారు. మా అబ్బాయికి పదకొండేళ్ళు. నేను ఇంట్లో బట్టలు కుడతాను. రాత్రి తొమ్మిదింటికి మిషన్ ఆపాక ఇద్దరం కూర్చుని అరగంట ఆడేవాళ్ళం. ఫోన్ వాడి చేతిలో ఉండేది, ఎటు పోవాలో నేను చెప్పేదాన్ని.

మీరు మొదట ఇచ్చిన ఆట చాలా మంచి ఆట. ఆ మాట ముందు చెప్పాలి. అది మంచిది కాకపోయి ఉంటే ఫోన్‌లోంచి తీసేసి ఊరుకునేదాన్ని, ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు.

మా పుట్టినూరు గుట్టల కింద ఉంటుంది. ఆ గుట్టల్లో, బండల సందుల్లో ఎలుగుబంట్లు ఉంటాయి. మేము ఎలుగొడ్లు అంటాం. ఎండాకాలం నీళ్ళ కోసం, ఈత పళ్ళ కోసం దిగుతాయి. కాయ పట్టే కాలంలో శనక్కాయ చేలలోకి వస్తాయి. వాటితో మనుషులకు దెబ్బలు తగిలిన రోజులూ ఉన్నాయి, మనుషుల వల్ల అవి పోయిన రోజులూ ఉన్నాయి. అందుకే మీ ఆట తెరిచిన మొదటి రోజు నాకు ఆశ్చర్యం వేసింది. పుట్ట కనబడగానే తల్లి ముందు కాళ్ళ గోళ్ళతో తవ్వడం, మట్టిని ఊది పారేసి చెదలను గట్టిగా పీల్చడం, ఆ చప్పుడు దూరానికి వినబడడం, అన్నీ ఉన్నది ఉన్నట్టు పెట్టారు. ఎవరో గుట్టల్లో తిరిగి చూసి చేసిన పని అనుకున్నాను.

అన్నిటికన్నా బాగా చేసింది వీపు. తల్లి నేలకు వంగితే పిల్లలు రెండూ ఎక్కి, భుజాల దగ్గర పొడుగు వెంట్రుకలు పట్టుకుని కూర్చునేవి. ప్రపంచంలో ఉన్న ఎనిమిది రకాల ఎలుగుబంట్లలో పిల్లల్ని ఇలా వీపు మీద మోసుకు తిరిగే అలవాటు మన ఎలుగుకే ఉంది. చలికాలంలో పుట్టిన పిల్లలు రెండు మూడు నెలలకు గుహ దాటి బయటికొస్తాయి. ఆ తర్వాత కూడా చాలా నెలలు తల్లి వీపే వాటికి ఇల్లు. మా పక్క పెద్ద చెట్లు తక్కువ. చిరుత వస్తే పిల్ల ఎక్కి దాక్కోవడానికి ఏముంటుంది? తల్లి వీపు తప్ప.

మా నాయన ఒకసారి కళ్ళారా చూశాడు. రాత్రి కరెంటుకు మోటరు వేయడానికి చేనికి పోయి, తెల్లవారుజామున తిరిగి వస్తుంటే గట్టు మీద తల్లి ఎలుగు నడిచి పోతోంది. వీపు మీద రెండు పిల్లలు, ఒకదాని వెనక ఒకటి. నాయన మోటరు గది గోడకు ఆనుకుని, టార్చి ఆపేసి, అది గుట్ట మలుపు తిరిగేదాకా కదల్లేదు. ఇంటికొచ్చి మాతో అన్న మాట నాకింకా గుర్తుంది: "పిల్లోల్ని ఎత్తుకున్న తల్లి ఎదురొస్తే మనమే దావ ఇయ్యాల." నేను ఈ సంగతి చెప్పినప్పటి నుంచి మా అబ్బాయి ఆటలో పిల్లల్ని దించకుండా నడిపేవాడు.

దించకుండా నడపడం అంత తేలిక కాదు. మోస్తే తల్లికి ఆకలి తొందరగా వేస్తుంది, నడక మందగిస్తుంది. దింపితే వెనకబడతాయి. రేగు పళ్ళు దొరికే వంక దాకా మోయాలా, లేక ఇక్కడే దింపి పుట్ట తవ్వాలా? రోజూ అరగంటలో ఇదే మా ఇద్దరి మాట. పిల్లల్లో ఒకదానికి గుండె మీద తెల్ల గీత స్పష్టంగా ఉండేది, రెండోదానికి సన్నగా, కనబడీ కనబడనట్టు ఉండేది. సన్న గీతదే ఎప్పుడూ ఆలస్యం. వాడు "మా, సిన్నది రాలేదు, ఆగు" అంటే ఆగేవాళ్ళం. అలా సంక్రాంతి నుంచి ఉగాది దాకా రెండింటినీ బతికించుకుని ఎండాకాలంలోకి తెచ్చాం.

ఇక అప్‌డేట్ సంగతి. ఏప్రిల్ 8న ఆట తెరిస్తే, తల్లి వంగే బటన్ మీద తాళం బొమ్మ ఉంది. నొక్కితే, ఇది నెలకు 149 రూపాయల సబ్‌స్క్రిప్షన్‌లో భాగం, మూడు రోజులు ఉచితం అని వచ్చింది. వద్దనుకుని అలాగే ఆడాం. పిల్లలు వెనక నడుచుకుంటూ వచ్చాయి. ఆకలి కూడా మునుపటికన్నా త్వరగా పడిపోతోంది, ఇది నా అనుమానం కాదు, రోజూ ఆడేవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. చీకటి పడ్డాక చిరుత వచ్చి చిన్నదాన్ని పట్టుకుంది.

అప్పుడు మీరు చూపించిన స్క్రీన్ గురించే నా అసలు ఫిర్యాదు. పిల్ల ఏడుపు వినబడుతూనే ఉంది. పది నుంచి అంకెలు తగ్గుతున్నాయి. పెద్ద ఆకుపచ్చ బటన్ మీద "పిల్లను ఎత్తుకో" అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో "పిల్లను వదిలేసి వెళ్ళిపో" అని ఉంది. మూడో దారి లేదు. నేను వంటింట్లో పొయ్యి ఆపడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి వాడు ఆకుపచ్చది నొక్కి, పిన్ కొట్టేశాడు. సరుకులకు పంపినప్పుడు వాడే డబ్బు కడతాడు కాబట్టి పిన్ వాడికి తెలుసు. అది నా పొరపాటే, ఆ తప్పు మీ మీద వేయను. కానీ ఏడుస్తున్న పిల్లను చూపించి, "వదిలేసి వెళ్ళిపో" అని పదకొండేళ్ళ వాడిచేత నొక్కించాలని చూసింది మాత్రం మీరు. వాడు నొక్కలేకపోయాడు. ఏ పిల్లాడైనా నొక్కలేడు. మీకూ అది తెలుసు కాబట్టే అక్కడ ఆ మాట పెట్టారు.

ఏప్రిల్ 11న 149, మే 11న 149, మొత్తం 298 రూపాయలు ఆటోపేలో పోయాయి. రెండోసారి మెసేజ్ వచ్చాకే నేను గమనించి ఆటోపే ఆపించాను. ఒక జాకెట్ కుడితే నాకెంత వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. అయినా డబ్బు పోయినందుకన్నా, వాడు ఆ రాత్రి "నేను డబ్బు కట్టకపోతే అది సచ్చిపోయేది కదా మా" అని అడిగినందుకు నాకు ఎక్కువ బాధ కలిగింది.

పిల్లలు చనిపోకూడదని నేను అనడం లేదు. అడవిలో చనిపోతాయి. మా తమ్ముడు బెంగళూరులో పని చేస్తాడు. ఉగాదికి వచ్చినప్పుడు వాడి ల్యాప్‌టాప్‌లో ఇలాంటివే వేరే ఆటలు చూపించాడు. స్వీడన్ వాళ్ళు 2013లో చేసిన షెల్టర్ అనే ఆటలో తల్లి బ్యాడ్జర్ (బొరియలు తవ్వుకుని ఉండే జంతువు) వెంట ఐదు పిల్లలు ఉంటాయి. ఆకలికి ఒకటి పోవచ్చు, గద్ద తన్నుకుపోవచ్చు, కార్చిచ్చులో పోవచ్చు. 2022లో వచ్చిన ఎండ్లింగ్ అనే ఆటలో తల్లి నక్క, నాలుగు పిల్లలు. ఆ రెండింట్లోనూ పిల్ల పోయాక ఎవరూ వచ్చి చెయ్యి చాపరు. మా అబ్బాయి ఒక పిల్ల పోయినప్పుడు కాసేపు మాట్లాడలేదు, తర్వాత మిగిలిన వాటిని ఇంకా జాగ్రత్తగా నడిపాడు. మీ ఆట కూడా ఏప్రిల్ దాకా అలాంటిదే. ఆ దుఃఖంలోకి మీరు బేరం తెచ్చారు.

ఇంకో చిన్న విషయం. కొత్త అప్‌డేట్‌లో తల్లి ఎలుగు జింకను వేటాడి మాంసం తెస్తోంది. మన ఎలుగు అలా వేటాడి బతకదు. చెదలు, చీమలు, తేనె, పళ్ళు, ఇవే దాని తిండి. మొదటి ఆట చేసినవాళ్ళకు ఇది బాగా తెలుసు. వాళ్ళు మీ దగ్గర ఇంకా పని చేస్తున్నారో లేదో గానీ, ఉంటే వాళ్ళను ఒక్కసారి అడగండి.

మే 13న మీకు మెయిల్ పెట్టాను. మీ మెసేజ్ అందింది అని యంత్రం పంపిన జవాబు తప్ప ఇప్పటిదాకా ఏమీ రాలేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన నెలలోపు దాన్ని పరిష్కరించాలి. నెల దాటిపోయింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ అని, స్క్రీన్ మీద కొనేవాళ్ళను మాయచేసి డబ్బు కట్టించే 13 రకాల పద్ధతులను నిషేధించింది. వద్దనేవాళ్ళకు సిగ్గూ భయమూ కలిగేలా మాటలు పెట్టడం అందులో ఒకటి. లేని తొందర పుట్టించడం ఇంకొకటి. మీ స్క్రీన్ మీద రెండూ ఉన్నాయి. దాని ఫొటో తీసి పెట్టుకున్నాను, ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను.

నా 298 రూపాయలు తిరిగి ఇవ్వండి. 299 కట్టి కొన్న అందరికీ తల్లి వీపును తాళం లేకుండా మునుపటిలా ఇవ్వండి. "వదిలేసి వెళ్ళిపో" అన్న మాటను, ఆ అంకెలను పూర్తిగా తీసేయండి. ఆటలోకి కొత్త గుట్టలు, కొత్త వంకలు తెచ్చి అమ్ముకోవాలంటే అమ్ముకోండి, ఇష్టమైనవాళ్ళు కొనుక్కుంటారు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. అక్కడా కాకపోతే అనంతపురంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కల్యాణదుర్గం నుంచి బస్సులో పోయి రావడానికి ఒక రోజు పని పోతుంది. పోతే పోనీ.

మా ఆట మే 12న ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. పిల్లలు రెండూ గుహలో ఉన్నాయి. వాడు రెండు మూడు రోజులకోసారి తెరిచి, అవి ఉన్నాయో లేదో చూసి మూసేస్తున్నాడు. బయటికి మాత్రం తీసుకుపోవడం లేదు.

ఇట్లు,
మీ ఆటను డబ్బు కట్టి కొన్న ఒక తల్లి