సిలిండర్‌లో గాలి బాగోలేదు, అందుకే ఎవర్నీ దింపలేదు

మా బండెక్కే వాళ్లందరికీ నమస్కారం అండి.

సంక్రాంతి తర్వాత వచ్చిన ఆదివారం మన తీరం ట్రిప్పు చివర్లో చెడింది. అంతర్వేది నుంచి విశాఖ దాటే వరకు అంతా బాగానే సాగింది. మునిగిన ఓడ దగ్గర డైవింగ్ మాత్రం ఒడ్డునే రద్దయింది. రద్దు చేసింది నేను. వాతావరణం మీదకో బోటు వాళ్ల మీదకో నెట్టేయొచ్చు కానీ, నెట్టను. అప్పటి నుంచి మన వాట్సాప్ గ్రూపులో ఎవరికి తోచింది వాళ్లు రాస్తున్నారు. ‘గోదారాయనకి సముద్రం అంటే భయం’ అని ఒకరు రాస్తే, కింద నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు. ఆ నలుగురిలో ఇద్దరు ఆరేళ్లుగా నాతో వస్తున్నవాళ్లు. సరే, జరిగింది జరిగినట్టు చెప్తాను.

దిండిలో టిఫిను, ఎదుర్లంక వంతెన, కోరంగి మడ అడవి, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. ఉప్పాడ రోడ్డు ఈసారి ఎక్కడా తెగలేదు, అదొక్కటే వార్త.

ఆదివారం తెల్లారి ఆరింటికి భీమిలి వైపు ఒడ్డున ఉన్నాం. పదకొండు మంది, పద్నాలుగు సిలిండర్లు. నాకో అలవాటుంది, మీరంతా చూశారు. ప్రతి సిలిండర్ వాల్వ్ కొంచెం తిప్పి వాసన చూస్తాను. పాలు విరిగాయేమో చూసినట్టు చూస్తానని ఆటపట్టిస్తారు కూడా. మొదటి రెండూ బాగున్నాయి. మూడోది తిప్పగానే బజ్జీల బండి దగ్గర రెండు రోజులు మరిగిన నూనె వాసన. తెల్ల చేతిరుమాలు అడ్డం పెట్టి నిమిషం సేపు గాలి వదిలితే పసుపుపచ్చ మరక పడింది. మొత్తం మీద మూడు సిలిండర్లు అలా తేలాయి.

గాలి నింపిచ్చే ఆయనకి ఫోన్ చేస్తే ‘ఏం కాదు బాబూ, నిన్న కూడా దిగారు జనం’ అన్నాడు. బండి తీసుకుని ఆయన షెడ్డుకే వెళ్లాను. రాత్రి కరెంటు పోయిందట, జనరేటర్ మీద గాలి నింపే కంప్రెసర్ నడిపారట. కంప్రెసర్ బయటి గాలి పీల్చే గొట్టం పైకప్పు మీద ఉండాలి. క్లిప్పు ఊడి కింద పడి ఉంది, జనరేటర్ పొగ గొట్టానికి రెండడుగుల దూరంలో. అంటే ఆ పొగనే పీల్చి సిలిండర్లలో కుక్కారన్నమాట.

ఫిల్టర్ ఎప్పుడు మార్చావయ్యా అంటే తల గోక్కున్నాడు. ఈ ఫిల్టర్ సంగతి మీకు తెలియాలి. అందులో మూడు రకాల మందులుంటాయి. ఒకటి తేమ పీలుస్తుంది. రెండోది బొగ్గు, నూనె వాసన పడుతుంది. మూడోదాన్ని హాప్‌కలైట్ అంటారు, అది పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. తేమ పీల్చేది అయిపోయిందంటే హాప్‌కలైట్ తడిసి చచ్చిపోతుంది. అందుకే ఎన్ని గంటలు నడిచిందో పుస్తకంలో రాసుకుని మార్చాలి. ఆ పుస్తకం చూపించమని అడిగాను. చూపించాడు. కిందటి దసరా దగ్గర ఆగిపోయింది. నాకు నెలనెలా ఫిల్టర్ మారుస్తున్నానని చెప్పిన మనిషి ఈయనే. నేనూ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ పుస్తకం అడగలేదు, ఆ తప్పు నాది.

తిరిగొచ్చి ఒడ్డున నలభై నిమిషాలు ఒక్కణ్ణే కూర్చున్నాను. మీరు వెట్‌సూట్లు వేసుకుని ఫొటోలు దిగుతున్నారు. ఏం చెయ్యాలో తేలడం లేదు. మూడు పక్కన పెడితే పదకొండు సిలిండర్లు మిగిలాయి, మనుషులూ పదకొండు మందే. తూచినట్టు సరిపోయింది! వాటికి వాసన లేదు. మా ఇన్‌స్ట్రక్టర్ కూడా ‘వీటితో దింపేద్దామా అన్నా’ అన్నాడు. కానీ నూనెకి వాసన ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి ఉండదు. పదకొండూ నిండింది అదే రాత్రి, అదే గొట్టం నుంచి. కొలిచే మీటరు నా దగ్గర లేదు. పైగా నీళ్లలో పదిహేను మీటర్లు దిగితే ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండున్నర రెట్లు. ఇక్కడ కొంచెమే కదా అనుకున్న విషం అక్కడ రెండున్నర రెట్లు పని చేస్తుంది. తలనొప్పితో మొదలై, మనిషి తెలివి తప్పితే నోట్లో గాలి అందించే రెగ్యులేటర్ జారిపోతుంది. ఓడ దగ్గర చిక్కుకున్న పాత వలలు ఉండనే ఉన్నాయి.

ఇంకో పక్క, 200 కిలోమీటర్ల పైచిలుకు వచ్చిన మనుషులు. రావులపాలెం నుంచి వచ్చిన మాస్టారు ఈ ఒక్క డైవ్ కోసం యాభై ఎనిమిదో ఏట ఈత నేర్చుకున్నారు. ఆయన ముఖం చూస్తే నాకు మాట పెగల్లేదు. అయినా చెప్పాను, ఎవరూ దిగరు అని. ఆయన ఏమీ అనకుండా వెట్‌సూట్ విప్పి మడత పెట్టి ఇచ్చారు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

భయం అన్నవాళ్లకి ఒక మాట. మా నాన్నగారు ఎదుర్లంక రేవులో పంటు, అంటే జనాన్ని గోదారి దాటించే పెద్ద పడవ, నడిపేవారు, అక్కడ వంతెన కట్టేదాకా. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13.75 అడుగులు, ఎగరేశారని తెలియగానే పంటు కట్టేసేవారు. ఒకసారి పెళ్లివారు ఒడ్డున నిలబడి ముహూర్తం దాటిపోతోందని నానా మాటలు అన్నారు. ఆయన చుట్ట వెలిగించుకుని గుంజకి ఆనుకుని కూర్చున్నారు, అంతే. నేను చుట్ట తాగను గానీ, కూర్చోవడం వచ్చు.

‘ఓడల కోసం అంత దూరం ఎందుకు, మన కోరంగిలో బోలెడు మునిగాయిగా’ అని కూడా అడిగారు. నిజమే, 1839 నవంబర్ తుపానులో కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది. ఇరవై వేల ఓడలు పోయాయని రాస్తుంటారు, నాటు పడవలన్నీ కలిపినా ఆ లెక్క నాకు నమ్మబుద్ధి కాదు. అది అలా ఉంచండి. గోదారి ఏటా తెచ్చే ఒండ్రు ఆ మొగంతా పరుచుకుని ఉంటుంది. హోప్ ఐలాండ్ పుట్టింది ఆ ఇసుకతోనే. అక్కడ దిగితే మన చెయ్యి మనకే కనపడదు. కోరంగిలో ఏమున్నా అది మట్టి కింద ఉంటుంది, అక్కడే ఉండనివ్వండి.

ఘాజీ గురించి ప్రతి ట్రిప్పులోనూ అడుగుతారు. ఈసారి రాసే పెడుతున్నాను. 1971 డిసెంబర్‌లో విశాఖ బయట మునిగిన ఆ పాకిస్తాన్ జలాంతర్గామి సుమారు 100 మీటర్ల లోతులో ఉంది. సరదా డైవింగ్‌కి ఆఖరి హద్దు 40 మీటర్లు, అదీ శిక్షణ ఉన్నవాళ్లకి. పైగా లోపల చనిపోయిన నావికులున్నారు, మన నేవీయే దాన్ని కదపకుండా గౌరవంగా వదిలేసింది. జలాంతర్గామి లోపల తిరగాలని ఉంటే ఆర్కే బీచ్‌లో కురుసుర ఉంది, టికెట్టు నేనే కొంటాను.

ఇక మారేవి. గాలి నింపే ఆయనతో నా లెక్క అయిపోయింది. సిలిండర్‌కి వంద తగ్గిస్తానని నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఊరికే ఇచ్చినా వద్దన్నాను. కొత్తగా మాట్లాడుకున్న చోట పుస్తకం అడిగి, ఫొటో తీసుకుని, అప్పుడు అడ్వాన్స్ ఇచ్చాను. కార్బన్ మోనాక్సైడ్ మీటరు కొన్నాను. దాని ఖరీదు వల్లా, కొత్త చోట రేటు ఎక్కువ కావడం వల్లా మనిషికి 900 పెరుగుతుంది. ఇంకో పేరు పెట్టి దాన్ని బిల్లులో దాచను.

రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇన్నాళ్లూ పొద్దున డైవింగ్, మధ్యాహ్నం అరకు అని పెట్టాను కదా, అది తప్పు. డైవ్ చేశాక ఒంట్లో నైట్రోజన్ మిగిలి ఉంటుంది, వెంటనే ఎత్తుకి వెళ్తే బుడగలు కడుతుంది. అందుకే డైవింగ్ చేసినవాళ్లని విమానం ఎక్కడానికి 18 గంటలు ఆగమంటారు. అరకు 900 మీటర్ల పైన ఉంది, దారిలో అనంతగిరి ఘాట్ ఇంకా ఎత్తు. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు గానీ, రెండేళ్లు నేనే మిమ్మల్ని అలా తీసుకెళ్లాను. ఇక ముందు అరకు, తర్వాతే సముద్రం.

ఓడ దగ్గరికి సర్టిఫికెట్ ఉన్నవాళ్లే దిగుతారు, లోపలికి దూరడం ఎవరికీ లేదు. కొత్తవాళ్లకి రుషికొండ దగ్గర 12 మీటర్ల లోపే. ఓడ ఉన్న చోటు మాత్రం ఎక్కడా రాయకండి. అక్కడ చేప చేరుతుంది, అది మనకి చూపించిన జాలరి కుటుంబానికి తిండి పెట్టే చోటు.

డైవింగ్ డబ్బులు పదకొండు మందికీ ఈ శనివారంలోగా వెనక్కి వేస్తాను. రోడ్డు ఖర్చు వెయ్యను, ఆ రోడ్డు మీరు తిరిగారు కాబట్టి.

మళ్లీ ట్రిప్పు ఫిబ్రవరి రెండో ఆదివారం. మాస్టారికి డబ్బులు తీసుకోను, ఆయనకింకా చెప్పలేదు, ఇది చదివి వద్దంటారని తెలుసు. ‘భయం’ అని రాసినాయనకి కూడా ముందు సీటు ఆపి ఉంచాను. చెవి, సైనస్ బాధలు, ఆస్తమా ఏమీ లేవని డాక్టర్ సంతకం చేసిన కాగితం తెచ్చుకుంటే చాలు. అది లేకుండా వస్తే ఆయన్నీ ఒడ్డునే కూర్చోబెడతాను, నా పక్కనే.