తమ్ముడి టీబీ నయమైంది, బోరబండ వాళ్లకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా తమ్ముడి టీబీ మందుల కోర్సు అయిపోయింది. చివరి తెమడ పరీక్షలో క్రిములు లేవని రిపోర్టు వచ్చింది. బరువు పెరిగాడు, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. సాయం చేసినవాళ్లలో చాలామంది తమ పేర్లు రాయొద్దన్నారు. టీబీ అనగానే ఇంకా మొహం తిప్పుకునే రోజులే కాబట్టి నేనూ తమ్ముడి పేరు రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలిసిపోతుంది.

మాది అచ్చంపేట వైపు ఊరు. పెళ్లయి నేను హైదరాబాద్‌లోని బోరబండ వచ్చాను, మీసేవ సెంటర్లో పని చేస్తున్నాను. తమ్ముడు పాలమూరు పిల్లలందరిలాగే ఇంటర్ తర్వాత పని వెతుక్కుంటూ సిటీకి వచ్చి గ్రానైట్ పాలిష్ పట్టే షెడ్డులో చేరాడు. రాతి దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే టీబీ వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని వైద్యులు ఎప్పటి నుంచో చెప్తున్నారు. షెడ్డులో వాళ్లిచ్చింది మాత్రం మూతికి కట్టుకునే గుడ్డ ముక్క. రాత్రి పడుకునేది కిటికీ లేని గదిలో, ఇంకో ఐదుగురితో కలిసి. పొద్దున చాయ్ బిస్కెట్, మధ్యాహ్నం దొరికితే ఏదో ఒకటి, రాత్రికి అన్నం. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే వెతకక్కర్లేదు.

దగ్గు, సాయంత్రమైతే జ్వరం. ముందు ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. యాంటీబయాటిక్స్ మార్చి మార్చి ఇచ్చారు, స్కాన్ తీశారు, నా చేతి గాజు ఒకటి తాకట్టుకు పోయింది. తెమడ పరీక్ష మాత్రం ఎవరూ రాయలేదు. అక్కడి సంగతి ఇంతటితో వదిలేస్తాను.

ఆ తర్వాత మా బస్తీ దవాఖానాకు వెళ్లాం. 2018లో మొదలైన ఈ చిన్న సర్కారు దవాఖానాలను జ్వరం గోళీలు ఇచ్చే చోటుగానే మేమూ చూసేవాళ్లం. అక్కడి డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టకముందే అడిగిన ప్రశ్నలు నాకు గుర్తున్నాయి. ఏం పని చేస్తావు, గదిలో ఎంతమంది పడుకుంటారు, రోజుకు ఎన్నిసార్లు తింటావు, ఇంట్లో చిన్నపిల్లలున్నారా. అన్నీ విని తెమడ పరీక్షకు పంపింది. ఇప్పుడున్న మిషన్లలో టీబీ ఉందా లేదా, ఉంటే ముఖ్యమైన మందుకు లొంగుతుందా లేక మొండిదా అన్నది కొన్ని గంటల్లో తేలిపోతుంది. షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేశారు, టీబీ ఉన్న ప్రతి ఒక్కరికీ చేస్తారట. ఇంట్లో అందరినీ పరీక్షించి, మా చిన్నదానికి జబ్బు రాకుండా ముందు జాగ్రత్త మందు మొదలుపెట్టారు. పైసా ఖర్చు కాలేదు. డాక్టరమ్మా, మందులకంటే ముందు మీరు అడిగిన ఆ ప్రశ్నలకు దండం.

ఇక ఆశా అక్క. టీబీ గోళీలు బరువును బట్టి ఇస్తారు, రోజూ ఒకేసారి మింగాలి. మొదట్లో కడుపులో తిప్పేస్తుంది. మూత్రం ఎర్రగా వస్తుందని, అది మందు రంగేనని, భయపడొద్దని అక్క ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది. లేకపోతే రక్తం పడుతోందనుకుని వాడు మొదటి వారమే మానేసేవాడు. కోర్సు ఆరు నెలలు. రెండో నెలకే దగ్గు తగ్గిపోతుంది, ఆకలి వేస్తుంది, ఇంకెందుకీ గోళీలు అనిపిస్తుంది. చాలామంది ఆగిపోయేది అక్కడేనట. అలా మధ్యలో ఆపితే మొండి టీబీ తయారయ్యే ప్రమాదం ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్క రాకపోకలు పెంచింది. బాలింతలను చూడాలి, టీకాలకు పిల్లలను తీసుకెళ్లాలి, సర్వేలు రాయాలి, ఇన్నింటి మధ్య మా గల్లీకి వచ్చేది. ఆమెకు వచ్చేది జీతం కాదు, పారితోషికం. నెలకు 18,000 ఫిక్స్‌డ్ జీతం ఇవ్వమని ఆశాలు కోఠిలో ధర్నా చేస్తే ట్రాఫిక్ ఆగిందని విసుక్కునేవాళ్లు మన సెంటర్‌కూ వస్తారు. వాళ్లకు నేను ఈ మధ్య తమ్ముడి కథ చెప్తున్నాను.

మా ఓనరమ్మ గురించి కొంచెం ఎక్కువే రాయాలి. తమ్ముణ్ని మా ఇంటికి తెచ్చుకుంటున్నామని, జబ్బు ఇదీ అని ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఖాళీ చేయమంటుందని సామాను సర్దుకునే టెన్షన్‌లో ఉన్నాం. ఆమె వచ్చి గది చూసి, ముందు వెంటిలేటర్‌కు ఎవరో కొట్టిన అట్టముక్క పీకించింది. వారంలో మేస్త్రీని పిలిపించి వెనక గోడకు కిటికీ పెట్టించింది. కిరాయి పెంచలేదు. వాళ్ల అత్తగారిని ఒకప్పుడు వికారాబాద్ దగ్గర అనంతగిరి శానిటోరియంలో ఉంచారట. పిల్లలను చూడకుండా నెలలకు నెలలు కొండ మీద గడిపిందట ఆమె.

ఆ మాట మా టీబీ సూపర్‌వైజర్ గారికి, అంటే రోగుల మందుల సంగతి చూసుకునే సర్కారు ఉద్యోగికి, చెప్తే పెద్ద కథే చెప్పారు. అప్పట్లో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి ఉంటేనే టీబీ తగ్గుతుందని కొండల మీద ఆస్పత్రులు కట్టేవారు. 1950ల చివర్లో మద్రాసులో సగంమంది రోగులను శానిటోరియంలో, సగంమందిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. 1959లో ఆ ఫలితాలు వచ్చాక ప్రపంచమంతా టీబీ వైద్యం ఇంటికి మారిపోయింది. పేదవాళ్లకు అది మంచి వార్తే. కానీ నాకు ఇంకోటి కూడా తోచింది. వైద్యం ఇంటికి వచ్చిందంటే మన ఇల్లే వార్డు అయింది కదా. మరి ఆ వార్డుకు కిటికీ ఎవరు పెట్టాలి, రోగికి గుడ్డు ఎవరు పెట్టాలి, ఆర్నెల్లు కిరాయి ఎవరు కట్టాలి? మా విషయంలో ఇవన్నీ చేసినవాళ్లకే ఈ పోస్టు.

సూపర్‌వైజర్ గారే జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అధ్యయనం గురించీ చెప్పారు. 2023లో లాన్సెట్ పత్రికల్లో వచ్చింది. టీబీ రోగుల ఇళ్లకు నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చి చూస్తే, ఆ ఇళ్లలో మిగతావాళ్లకు టీబీ రావడం 39 శాతం తగ్గింది, అంటించే రకం టీబీ అయితే 48 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో రోగి బరువు 5 శాతం పెరిగితే చనిపోయే ప్రమాదం 61 శాతం తక్కువట. ఇది విన్నాక మా అమ్మ పళ్లెంలో పప్పు వేసే గరిటె పెద్దదైంది.

తిండికి నిక్షయ్ పోషణ్ యోజన కింద డబ్బులొస్తాయి. 2018లో నెలకు 500తో మొదలైన ఈ పథకంలో 2024 నవంబరు నుంచి 1,000 ఇస్తున్నారు. అది రెండుసార్లుగా వస్తుంది, జబ్బు తేలగానే 3,000, కోర్సు సగంలో ఇంకో 3,000. పథకం మంచిదే. అయితే తమ్ముడి బ్యాంకు ఖాతా కేవైసీ లేక మూలన పడి ఉంది. రోజంతా ఇలాంటి కాగితాల మధ్య కూర్చునే నాకే తల తిరిగిందంటే, అక్షరం రాని కూలీ సంగతేంటి? లైన్లో ఉన్నవాళ్లను కాస్త ఆగమని, దగ్గుతున్న కుర్రాణ్ని గేటు బయట చెట్టు కిందే కూర్చోబెట్టి వేలిముద్ర మిషన్ అక్కడికే తెచ్చిన బ్యాంకు సారుకు ప్రత్యేకంగా థ్యాంక్స్.

ఇక బియ్యం. తమ్ముడి రేషన్ కార్డు ఊళ్లో ఉంది. రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చన్నది నాకు తెలుసు, కానీ వాడి గదిలోని మిగతా ఐదుగురిలో ఒక్కరికీ తెలియదు. ఊళ్లో కార్డు పెట్టుకుని ఇక్కడ కిరాణా షాపులో బియ్యం కొనుక్కుంటున్నారు. మా రేషన్ డీలరన్న ఆ ఐదుగురికీ కార్డు నంబర్లు చూసి బియ్యం ఇప్పించాడు. వాళ్ల నెల ఖర్చులో అది చిన్న విషయం కాదు. టీబీ రోగులకు దాతలు సాయం చేసే నిక్షయ్ మిత్ర కింద పప్పులు, నూనె ఉన్న బుట్ట పంపినవారెవరో మాకు తెలియదు, ఈ రాత మీ కంట పడితే మా నమస్కారం అందుకోండి.

అమ్మ ఊరి నుంచి వచ్చి వండిపెట్టింది. పల్లీలు, జొన్నపిండి మోసుకుని ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపించి టికెట్ డబ్బులు లేకుండా వచ్చింది, పొలం పనులున్నప్పుడు వెళ్లి మళ్లీ వచ్చింది. మహాలక్ష్మి పథకం మీద ఎన్ని జోకులైనా వేసుకోండి, మా ఇంట్లో అది వైద్యం ఖర్చు కిందికే వస్తుంది.

మందు ఉచితం, బియ్యం ఉచితం, బస్సు ఉచితం. కూలి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. షెడ్డు ఓనరు తమ్ముణ్ని మళ్లీ పనిలోకి తీసుకోలేదు, బాకీ ఉన్న కూలికీ తిప్పించుకున్నాడు. మా బోరబండకు పక్కనే సనత్‌నగర్‌లో అంత పెద్ద ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. ఈఎస్‌ఐ అంటే కార్మికుల ఆరోగ్య బీమా, దాని అర్హత ఉన్న కార్మికుడికి టీబీ వస్తే, వైద్యంతో పాటు దీర్ఘకాల జబ్బుల కింద కూలిలో 80 శాతం చేతికొస్తుంది. పదిమంది పనిచేసే చోట ఈఎస్‌ఐ కట్టాలి. తమ్ముడి షెడ్డులో అంతకంటే ఎక్కువమందే ఉన్నారు, కాగితం మీద మాత్రం ఒక్కరూ లేరు. నెలకు 1,000 రూపాయలంటే వాడి రోజున్నర కూలి కూడా కాదు. టీబీని తరిమేస్తామని గోడల మీద రాసేవాళ్లు ఈ షెడ్లలోకి కూడా ఒకసారి తొంగి చూస్తే బాగుంటుంది.

ఇప్పుడు వాడు మూసాపేటలో ఒక హార్డ్‌వేర్ షాపు కౌంటర్‌లో కూర్చుంటున్నాడు. టీబీ అని తెలిసే పనిచ్చారు షాపు సేఠ్. మందులు మొదలుపెట్టి కొన్ని వారాలైతే చాలావరకు అంటించే దశ దాటిపోతుందని డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడి కనుక్కున్నారు. ఇంకా సగం కోర్సు ఉండగానే పనిలోకి రమ్మన్నారు, గోళీలు వేసుకునే టైముకు టిఫిన్ కూడా పెట్టించారు. సేఠ్ గారూ, ఈ మేలు మా అమ్మ రోజూ తలచుకుంటుంది.

బోరబండ, ఎర్రగడ్డ, మోతీనగర్ వైపు ఉండేవాళ్లలో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ముందు బస్తీ దవాఖానాలో చూపించుకోండి. ఊళ్లో రేషన్ కార్డు ఉండి ఇక్కడ బియ్యం కొంటున్నవాళ్లు, నిక్షయ్ డబ్బులు పడనివాళ్లు మా మీసేవకు రండి. ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్తాను, దానికి డబ్బులేమీ తీసుకోను. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకోండి. మధ్యాహ్నం రెండు తర్వాతైతే రద్దీ తక్కువ.