వార్షిక నివేదిక 2024–25: వాచ్‌మన్‌కు మనం చెప్పే పనులు

మన అపార్ట్‌మెంట్ సభ్యులందరికీ నమస్కారం.

ముందు మామూలు సంగతులు. లిఫ్ట్ రోప్ మార్పించాం, సెల్లార్‌లో కొత్త లైట్లు పెట్టించాం. వినాయక చవితి చందాల్లో మిగిలింది కార్పస్ నిధిలో జమ చేశాం. లెక్కల కాగితం నోటీసు బోర్డు మీద ఉంది, చూసుకోండి. ఈసారి ఎక్కువగా రాయాల్సింది మన వాచ్‌మన్ గురించి.

జులై వానలకు సెప్టిక్ ట్యాంక్ పొంగింది. వెయ్యి రూపాయలిస్తాం, దిగి చూడమని ఒకరిద్దరు ఆయనకు చెప్పారు. ఆయన లుంగీ ఎగ్గట్టి మూత తీయబోతుంటే మన కోశాధికారి చూసి ఆపేశారు. ఆ లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మోతాదు పెరిగితే వాసన కూడా తెలియదు, మనిషి కూలిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంక్‌లోకి దించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (చేతులతో మలం ఎత్తే పని) నిషేధ చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే 2 ఏళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా. మురుగులో ప్రాణం పోతే కుటుంబానికిచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. మేం సెప్టిక్ ట్యాంకర్ లారీని పిలిపించాం.

సెప్టెంబరులో ఆయన పని మానేస్తానన్నారు. జీతం చాలడం లేదేమో అనుకున్నాం. "జీతం కాదు సార్, అన్నం ముందు కూర్చుంటే మూడుసార్లు లేపుతున్నారు" అన్నారు.

పనిలో చేరినప్పుడు చెప్పినవి నాలుగే: గేటు, మోటారు, మెట్లు ఊడ్వడం, కామన్ లైట్లు. వాళ్లమ్మాయి తొమ్మిదో తరగతి. ఒక రోజంతా నాన్నకు ఎవరేం చెప్పారో రఫ్ నోట్‌బుక్‌లో రాసింది. కమిటీలో చదివాం. రెండు కార్లు తుడవడం, పాల ప్యాకెట్లు, ఒకరి కుక్కను తిప్పడం, ఇంకొకరి బాబును స్కూల్ బస్సెక్కించడం, ఇస్త్రీ బట్టలు, లిఫ్ట్ ఆగి ఉంటే గ్యాస్ సిలిండర్ నాలుగో అంతస్తుకు మోయడం, రాత్రి 11:40కి ఎవరిదో పార్సిల్. ఆ సిలిండర్ మాదే. ఆయన మోకాళ్ల నొప్పి సంగతి నాకు తెలియంది కాదు, ఆ రోజు గుర్తు రాలేదంతే.

"బలవంతమేముంది, సరేనంటేనే చేయించుకున్నాం" అని సమావేశంలో ఒకరన్నారు. కానీ ఆయన ఉండే గది మనది. పొమ్మంటే మర్నాడు పెళ్లాంపిల్లలతో సామాను సర్దుకోవాలి. ఆ మనిషి నోట 'కుదరదు సార్' అనే మాట ఎలా వస్తుంది?

ఇప్పుడు పనుల పట్టిక గేటు దగ్గర అంటించాం. సొంత పని ఉంటే ఆయన్ను అడిగి, డబ్బిచ్చి చేయించుకోండి. కాదంటే మళ్లీ అడగొద్దు. మధ్యాహ్నం 1 నుంచి 3 వరకు, రాత్రి 10:30 దాటాక అత్యవసరమైతే తప్ప పిలవొద్దు. ఆయన జీతం నెలకు 1,500 రూపాయలు పెంచాం. 30 ఫ్లాట్లు కాబట్టి మెయింటెనెన్స్‌లో ఫ్లాటుకు 50 పడుతుంది. దీనికి ఇద్దరు అభ్యంతరం చెప్పారు, మినిట్స్‌లో రాశాం.

ఆదివారం ఆయనకు సెలవు. ఆ రోజు గేటు, మోటారు మనమే వంతులవారీగా చూసుకుంటున్నాం. నా వంతు రోజు మోటారు ఆపడం మరిచిపోయి ఓవర్‌హెడ్ ట్యాంక్ పొంగించాను, మన్నించాలి. మూడో అంతస్తు వాళ్లు ఇంకా పేర్లివ్వలేదు. శుక్రవారంలోగా ఇస్తే పట్టికలో చేరుస్తాను.

ఇట్లు,
కార్యదర్శి