స్టెప్ లైట్ల పని పద్ధతి మార్చేశాం, మేం వేసిన పాత బళ్లన్నీ మళ్లీ తీసుకురండి

పోయిన ఏడాది నుంచి మా షాపులో పికప్‌కి స్టెప్ లైట్లు, అంటే కేబిన్ ఎక్కే మెట్టు కనబడేలా దాని కింద వేసే లైట్లు, వేయించుకున్న వాళ్లందరికీ ఈ కబురు. మేం వేసిన పద్ధతిలో తప్పుంది. మీ లైట్లు ఇవాళ బాగానే వెలుగుతున్నా సరే, బండి ఒకసారి తీసుకురండి. మళ్లీ కొత్తగా వేసి ఇస్తాం, డబ్బులు తీసుకోం.

ఏం జరిగిందో దాచకుండా చెబుతాను.

ఈ పని ఎందుకు మొదలుపెట్టామో పాత కస్టమర్లకు తెలుసు. మన భీమవరం చుట్టుపక్కల రొయ్యల పట్టుబడి చాలావరకు రాత్రిపూటో తెల్లవారుజామునో జరుగుతుంది. ఐసు దించాలి, ట్రేలు ఎక్కించాలి, గట్టు మీద బురదకాళ్లతో కేబిన్ ఎక్కాలి, దిగాలి. ఒక కుర్ర డ్రైవరు చీకట్లో స్టెప్పు ఎక్కడుందో కనబడక జారి, మోకాలు పట్టుకుని రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఆ బండి ఓనరుగారే వచ్చి "స్టెప్పు కింద ఏదో ఒక లైటు వెయ్యండి బాబూ, ఇంకొకడు పడకూడదు" అన్నారు. ఆ ఒక్క బండి చూసి మిగతా బళ్లు వచ్చాయి.

అప్పుడు మేం వాడింది రోల్‌లో దొరికే ఎల్ఈడీ స్ట్రిప్. చవక, అతికించడం తేలిక, వెలుతురూ బాగుంటుంది. డోరు తీస్తే వెలగాలి కాబట్టి కరెంటు కేబిన్ రూఫ్ లైటు వైరు నుంచే తీశాం. జాయింటు స్టెప్పు కిందే కొట్టి టేపు చుట్టాం. గంటన్నర పని, 1,200 రూపాయలు.

వానాకాలం వచ్చేసరికి ఒక్కో బండి తిరిగి రావడం మొదలైంది. కొన్నింట్లో సగం స్ట్రిప్ ఆరిపోయింది. కొన్ని మిణుకుమిణుకుమంటున్నాయి. స్ట్రిప్ మార్చి పంపాం, రెండు నెలలకు అవే బళ్లు మళ్లీ వచ్చాయి. అప్పుడు నేను ఒక పాత స్ట్రిప్‌ని ఊడదీసి, బల్ల మీద పెట్టి బ్లేడుతో కోశాను. పైన సిలికాన్ పసుపు పచ్చగా మారిపోయింది. లోపల బఠాణీ గింజంత నీటి బొట్టు అటూ ఇటూ జారుతోంది. వైరు కలిసే చోట గీకితే టంకం పొడిలా రాలింది. ఇన్సులేషన్ ఒలిచి చూస్తే తీగ పచ్చటి చిలుము పట్టి, జానెడు దూరం లోపలిదాకా నల్లబడి ఉంది. వైరు పోగుల మధ్య నుంచి నీళ్లు దీపం వత్తిలో నూనెలాగా పైకి పాకాయి. అదీ మామూలు నీళ్లు కాదు, చెరువుల ఉప్పునీళ్లు. మేం చుట్టిన టేపు ఆ నీటిని ఆపలేదు సరికదా, లోపలికి వెళ్లిన తడిని ఆరనివ్వకుండా పట్టి ఉంచింది.

అట్ట మీద ఐపీ67 అని రాసి ఉంటే చాలనుకున్నాను. ఆ లెక్కకి అర్థం, మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీళ్లు పోవని. ఉప్పు సంగతి అందులో లేదు. వాటర్ సర్వీసింగ్ దగ్గర కొట్టే ప్రెషర్ గన్ సంగతీ లేదు. పైగా వెలిగి వేడెక్కిన లైటు మీద చన్నీళ్లు పడితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఏ చిన్న సందు ఉన్నా నీటిని పీల్చుకుంటుంది.

సిలికాన్ పచ్చబడడానికి కారణం మాత్రం నీళ్లు కాదు, వేడి. ఇది నాకు ముందే తట్టాల్సింది. 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి ఎల్ఈడీలు వరసగా ఉంటాయి, వాటికి తోడు ఒక రెసిస్టర్. ఆ మూడూ కలిసి సుమారు 9.6 వోల్టులు తీసుకుంటే, మిగిలిన 2.4 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ ఇచ్చేది 12 కాదు, 14.4 దాకా ఉంటుంది. పెరిగిన ఆ 2.4 వోల్టులూ దాదాపుగా రెసిస్టర్ మీదికే పోతాయి. అంటే వోల్టేజి పెరిగింది 20 శాతమే అయినా, స్ట్రిప్‌లో కరెంటు రెట్టింపుకి దగ్గరగా వెళుతుంది. ఇంట్లో అడాప్టర్ మీద ఏళ్ల తరబడి వెలిగే స్ట్రిప్ బండి కింద మాడిపోయేది ఇందుకే.

ఇంతవరకే అయితే కొత్త స్ట్రిప్ వేసి ఊరుకునేవాణ్నేమో. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి.

ఒక డ్రైవరు ఫోన్ చేసి, "అన్నా, హారన్ మోగట్లేదు, లోపల లైటూ లేదు, ఫ్యూజు కొట్టేసిందండీ" అన్నాడు. ఆ బండిలో ఆ రెండూ ఒకే ఫ్యూజు మీద ఉన్నాయి. గట్టు మీద వేరే ఫ్యూజు దొరక్క, పక్కనున్న వాళ్లు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టారు. లైట్లు వచ్చాయి. ఊళ్లోకి వచ్చేసరికి డాష్‌బోర్డు వెనక నుంచి కాలిన వాసన. షాపులో విప్పి చూస్తే రూఫ్ లైటుకి వెళ్లే సన్నటి వైరు పైతొడుగు కరిగి పక్క వైరుకి అంటుకుపోయింది. కుర్రాడికి ఏమీ కాలేదు, అదే పదివేలు.

తప్పు ఆ కుర్రాడిది కాదు, మాది. రూఫ్ లైటు బల్బు 5 నుంచి 10 వాట్లు ఉంటుంది, ఆ వైరూ ఆ డోరు స్విచ్చూ ఆ బరువుకే పెట్టారు. మేం రెండు వైపులా కలిపి మూడు మీటర్ల స్ట్రిప్ తగిలించాం. మీటరుకి 14.4 వాట్ల చొప్పున 43 వాట్లు, అంటే మూడున్నర ఆంపియర్ల పైనే. తడి జాయింటు షార్ట్ అయితే ఫ్యూజు కొట్టేయడం న్యాయమే. ఆ ఫ్యూజు మా లైట్లకు విడిగా ఉండి ఉంటే హారన్ ఆగేది కాదు, అతను కాగితం చుట్టాల్సిన అవసరమూ వచ్చేది కాదు.

ఇప్పుడు చేస్తున్న పని చెబుతాను.

స్ట్రిప్ పూర్తిగా మానేశాం. అడిగినా వేయం. దాని బదులు అల్యూమినియం గిన్నెలో రెసిన్ పోసి మూసేసిన చిన్న లైట్లు, ఒక్కోటి 3 వాట్లు, వైపుకి రెండు. లోపల డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది కాబట్టి 10 వోల్టులు వచ్చినా 15 వచ్చినా ఎల్ఈడీకి వెళ్లే కరెంటు ఒక్కటే. నాలుగూ కలిపి ఒక ఆంపియరు. కొత్త సరుకు రాగానే ఒక్కో రకం నుంచి రెండేసి తీసి, ఉప్పునీళ్ల బకెట్‌లో పడేసి, రోజూ వెలిగించి ఆర్పి చూస్తున్నాం. రెండు రకాలు వారం తిరక్కుండానే పోయాయి, వాటిని వెనక్కి పంపేశాం.

కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. బ్యాటరీకి జానెడు దూరంలోనే మన లైట్లకు మాత్రమే పనిచేసే 3 ఆంపియర్ల ఫ్యూజు, ఊదా రంగుది. దాని జోడీ ఇంకొకటి ఆ ఫ్యూజు పక్కనే టేపుతో అంటించి ఇస్తున్నాం, అర్ధరాత్రి ఎక్కడా వెతుక్కోకుండా. డోరు స్విచ్ ఇప్పుడు రిలేని, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చుని, మాత్రమే లాగుతుంది. రిలే కాయిల్‌కి పోయేది 0.15 ఆంపియరు, రూఫ్ బల్బు కన్నా తక్కువ. కాయిల్ ఆరినప్పుడు ఎదురు కొట్టే వోల్టేజి స్విచ్‌ని పాడు చేయకుండా డయోడ్ ఉన్న రిలేనే వేస్తున్నాం. చాలా పికప్‌లలో డోరు స్విచ్ ఎర్త్ (మైనస్) వైపు కలుపుతుంది, కొన్నింట్లో అలా ఉండదు. మల్టీమీటరు పెట్టి చూడకుండా మా కుర్రాళ్లు వైరు ముట్టుకోరు.

బండి కింద ఒక్క జాయింటు కూడా ఉండదు. ఈ మాట మీరు గట్టిగా పట్టుకోండి, మా దగ్గరే కాదు, ఎక్కడ వేయించుకున్నా. లైటు నుంచి వచ్చే వైరు తెగకుండా గ్రామెట్ (రేకు రంధ్రానికి వేసే రబ్బరు రింగు) గుండా కేబిన్ లోపలికి రావాలి, అతుకు అక్కడే పడాలి. లైటుతో వచ్చే వైరు పొట్టిదైతే పొడుగు వైరుతోనే తయారు చేయించి తెస్తున్నాం, తగరం పూత ఉన్న రాగి తీగతో. ఎర్త్ కూడా ఛాసిస్‌కి స్క్రూ బిగించి వదిలేయడం లేదు, ఉప్పుకి ఆ స్క్రూ తుప్పు పట్టేస్తుంది. మైనస్ వైరు విడిగా లోపలికే వస్తుంది. లైటు పక్కన వైరుని కొంచెం కిందికి వంచి పైకి తిప్పుతాం, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

లోడింగ్ జరుగుతుంటే గంటల కొద్దీ డోర్లు తీసే ఉంటాయి కదా. అందుకని మూడు పొజిషన్ల స్విచ్ ఇస్తున్నాం: డోరుతో పాటు, ఎప్పుడూ, అసలు వద్దు. ఒక ఆంపియరే కాబట్టి రాత్రంతా మర్చిపోయినా, బ్యాటరీ మంచిదైతే పొద్దున సెల్ఫ్ తీసుకుంటుంది.

ఒక మాట కొత్త బళ్ల వాళ్లకి. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్, 2022లో వచ్చిన టయోటా హైలక్స్ లాంటి బళ్లలో లోపలి లైట్లను కంప్యూటర్ చూసుకునే ఏర్పాటు ఉండొచ్చు. మెల్లగా ఆరే లైటు చూశారు కదా, అక్కడ కరెంటు నిండుగా కాకుండా చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. రిలే దానికి తగిలిస్తే టకటకా కొట్టుకుంటుంది. ఆ బళ్లలో కంపెనీ వైరుని కోయం. విడిగా ఫ్యూజు, విడిగా స్విచ్, అంతే. డోరు తీయగానే వెలగాలని పట్టుబట్టే వాళ్లు దయచేసి నన్ను ఒత్తిడి చేయకండి, వారంటీ దగ్గర పేచీ వస్తే నష్టపోయేది మీరే.

రంగు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. పసుపు వెలుతురు తీసుకోమనే నా సలహా. తెల్లటి, నీలం ఛాయ ఉన్న లైటుకి గట్టు మీద పురుగులు ముసిరేస్తాయి, పసుపు దానికి తక్కువ. తడి స్టెప్పు మీద కళ్లకు కొట్టకుండానూ ఉంటుంది. ఎరుపు, నీలం వేయం. ముందు వైపు ఎరుపు కనబడకూడదు, వెనక ఇండికేటర్, రివర్స్ లైటు లాంటివి మినహా ఎరుపు తప్ప వేరే రంగు కనబడకూడదు అని మోటారు వాహన నిబంధనల్లో ఉంది. అందుకే లైటుని స్టెప్పు లోపలి అంచున, నేల వైపుకి తిప్పి బిగిస్తాం. బల్బు కనబడదు, మెట్టు మాత్రం కనబడుతుంది.

రేటు పెరిగింది. కొత్తగా వేయించుకునే వాళ్లకి 2,600 రూపాయలు, పని సగం రోజు. 1,200కి చేసే వాళ్లు ఊళ్లో ఉన్నారని తెలుసు, నిన్నటిదాకా నేనూ చేశాను. మళ్లీ ఆ రేటుకి నేను చేయలేను.

పాత బళ్లు రోజుకి రెండు మాత్రమే తీసుకోగలం, ఇద్దరే కుర్రాళ్లున్నారు. ముందుగా ఫోన్ చేసి రోజు చెప్పించుకోండి. ఫ్యూజు ఒక్కసారైనా కొట్టేసిన బండి, లైట్లు మిణుకుమనే బండి మాత్రం ఫోన్ చేయకుండానే తెచ్చేయండి, ముందు వాటినే చూస్తాం. అప్పటిదాకా ఆ స్ట్రిప్ వైరుని రూఫ్ లైటు దగ్గర ఊడదీయించి టేపు చుట్టి ఉంచండి. తెచ్చే ముందు రోజు కింద బురద పోయేలా మంచినీళ్లతో కడిగించండి. తడి మీద మీటరు సరిగ్గా చూపించదు, కాబట్టి ఆ రాత్రి బండి ఆరేలా నిలిపి పొద్దున్నే తీసుకురండి.