కట్టినవాళ్లే విప్పాలి

సంపాదకులకు నమస్కారం.

పండుగ అయిపోయాక వీధుల్లో మిగిలిపోతున్న తళుకు తోరణాల గురించి ఈ ఉత్తరం. కట్టే రోజు నిచ్చెన పట్టుకోవడానికి బోలెడుమంది వస్తారు. విప్పే రోజు ఒక్కరూ కనిపించరు. స్తంభాలకు, చెట్ల కొమ్మలకు, ఆఫీసు గేట్లకు అవి అలాగే వేలాడి, ఎండకు వెలిసి, పోగులు పోగులుగా రాలి మురుగుకాలువల్లో చేరుతున్నాయి. చివరికి వాటిని ఎత్తిపోసే పని పారిశుద్ధ్య కార్మికుల మీద పడుతోంది.

చూడ్డానికి కాగితంలా ఉన్నా, ఇప్పుడు దొరికేవి ఎక్కువగా పీవీసీ లేదా పెట్ ప్లాస్టిక్ పొరతో చేసినవే. పైన అతి పలుచటి అల్యూమినియం పూత ఉంటుంది. ఈ రెండింటినీ విడదీయడం కష్టం కాబట్టి రీసైక్లింగ్‌కు సాధారణంగా తీసుకోరు. పైగా చెత్త వేరుచేసే యంత్రాలకు చుట్టుకుని వాటిని ఆపేస్తాయి. తగలబెడితే ఇంకా చేటు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, డయాక్సిన్లు అనే విష పదార్థాలు వెలువడతాయి.

పిల్లుల సంగతి మరీ ఘోరం. మెరిసేది, కదిలేది కనిపిస్తే అవి ఊరుకోవు. మింగిన పోగు ఒక కొస నాలుక కిందో, జీర్ణాశయం చివరో చిక్కుకుంటే, పేగు దాన్ని ముందుకు తోయబోయి తానే ముడుచుకుపోతుంది. బిగిసిన పోగు పేగును కోసేస్తుంది. చాలాసార్లు ఆపరేషన్ తప్పదు. (పోగు కొస బయటికి కనిపించినా లాగకండి, వెంటనే పశువైద్యుడికి చూపించండి.)

ఈ తళుకు మొదట్లో ప్లాస్టిక్ కాదు. 1600ల ఆరంభంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో వెండిని సాగగొట్టి సన్నటి పోగులుగా కోసేవారని చెబుతారు. వెండి గనుక వీధిలో వదిలేసి ఉండరు లెండి! అది నల్లబడుతోందని వేరే లోహాలకు మారారు. ఇరవయ్యో శతాబ్దంలో సీసం కూడా వాడారు. పిల్లలకు ప్రమాదమని తేలాక, అమెరికాలో తయారీదారులు, దిగుమతిదారులు 1972 నుంచి సీసం పోగులు ఆపడానికి ఒప్పుకున్నారు. దానివల్ల పండుగలేమీ ఆగలేదు.

నిషేధించమని నేను అడగడం లేదు. మెరుపు లేని పండుగ నాకూ చప్పగానే ఉంటుంది. బహిరంగ స్థలంలో అలంకరణకు ఇచ్చే అనుమతి పత్రంలోనే విప్పాల్సిన తేదీ, బాధ్యుల పేరు ఉండాలి. కొంత డిపాజిట్ కట్టించుకుని, విప్పాక తిరిగి ఇవ్వాలి. చెట్లకు అసలు కట్టనివ్వకూడదు, కొమ్మల్లో చిక్కుకున్నది పూర్తిగా తీయడం ఎవరి తరమూ కాదు. కరెంటు స్తంభాలకూ వద్దు, అల్యూమినియం పూత గుండా విద్యుత్తు పారుతుంది. ప్రభుత్వ కార్యాలయాలు, బడులు తమ దండలను చుట్టి దాచుకుని మళ్లీ మళ్లీ వాడాలి. విడిగా జల్లే పోగుల రకాన్ని మాత్రం కొనడం మానేయాలి.

వచ్చే పండుగకు ఇచ్చే అనుమతులతోనే దీన్ని మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా మున్సిపల్ అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు